వాసన లేని ఇల్లు

అసిరయ్య మంచం మీద నుంచి లేవలేదు.

నీలకంఠం మేస్త్రీ పానాలు, సుత్తి, గునపం వరండాలో పరుచుకుని, వాటి పక్కనే తనూ కూర్చుని రెండో టీ కూడా తాగేశాడు. ముసలాయన కూర్చున్న ఆ మంచాన్ని విప్పడానికే అతన్ని పిలిచారు. పైన మనిషి ఉండగా మంచం ఎలా విప్పాలో అతనికి ఎవరూ నేర్పలేదు.

"మావయ్యా, కాసేపు హాల్లో కూర్చోండి. మేస్త్రీగారు పని చేసుకుంటారు," అంది ఉజ్వల గుమ్మంలోంచి. పొద్దుటి నుంచి అదే మాట. అనీ అనీ ఆమెకే విసుగు పుట్టింది.

"ఏటి పనమ్మా?" అన్నాడు అసిరయ్య. గొంతు పెంచలేదు. "మంచం ఇరిగిందా? సెద పట్టిందా?"

"లేదు. వాసనొత్తందని చెప్పాను కదా."

"ఏటి వాసన? నాకు రాదేటి మరి? మీ అత్తకి రాదేటి?" వంటింటి వైపు తిరిగి కేకేశాడు. "ఏమే, నీకేటైనా వాసనొత్తందా?"

వంటింట్లో నూకాలమ్మ గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు మాత్రం వచ్చింది.

"పోనీ నీకొత్తందా?" అన్నాడు కోడలితో.

ఆ ప్రశ్న తగలవలసిన చోటే తగిలింది. ఉజ్వలకు రావడం లేదు. ఆమె భయం కూడా అదే. కొత్త కోడలిగా ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజున పెరటి షెడ్డులోంచి ఆ వాసన ముఖాన కొట్టింది. టాటానగర్ స్టేషన్లో ఎండవేళ ప్లాట్‌ఫారం చివర నిలబడితే వచ్చేదే. అప్పుడది ఆమెకు నచ్చింది కూడా. నిన్న ఆసుపత్రిలో ఆడపడుచును చూసి తిరిగొచ్చి, ఈ గది మధ్య కళ్ళు మూసుకుని నిలబడి గట్టిగా ఊపిరి పీల్చింది. వంటింట్లో వేగుతున్న ఉల్లిపాయలు తప్ప ఇంకేమీ తెలియలేదు.

"డాక్టరమ్మ అడిగింది మావయ్యా, ఇంట్లో ఏదైనా వాసనుందా అని," అంది. అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు.

"అడిగితే? ఆవిడొచ్చి సూసిందేటి?"

చూడలేదు. చూసినవాళ్ళు చాలామందే ఉన్నారు, వాళ్ళంతా మెచ్చుకునే పోయారు.

ఆ గది సంగతి వాళ్ళుండే బాగ్‌బేరాలోనే కాదు, ఊళ్ళో పెద్ద పెద్ద ఫ్లాట్లు కొనుక్కున్నవాళ్ళకు కూడా తెలుసు. ఉజ్వల ఇళ్ళ లోపలిభాగాలను అందంగా, వసతిగా తీర్చిదిద్దే పని చేస్తుంది. కొత్త చెట్టు కొట్టించదు, కొత్త ప్లాస్టిక్కు గడప దాటనివ్వదు. ఉన్న వస్తువునే మళ్ళీ పనికి పెట్టాలన్నది ఆమె పట్టు. ఆ పట్టుతోనే అత్తింట్లో ఈ గది కట్టించింది. గోడలకు సున్నం పూత, కిటికీకి వట్టివేళ్ళ తడిక, కింద ఎర్రమట్టి పలకలు, కూలగొట్టిన రైల్వే క్వార్టర్ల నుంచి తెచ్చిన తలుపు రెక్కలు. మే నెలలో కూడా ఏసీ లేకుండా పడుకోవచ్చు. ఫ్లాటు కొనుక్కున్న దంపతులు వచ్చి, ఈ గదిలో కూర్చుని, మజ్జిగ తాగి, మాకూ ఇలాగే కావాలని చెప్పి వెళ్ళేవారు.

వాళ్ళు ఎక్కువసేపు చేత్తో నిమిరి చూసేది మాత్రం కలపనే. మంచం, గోడ పొడవునా అరలు, కిటికీ కింద బల్ల, అన్నీ పట్టాల కింది పాత చెక్క స్లీపర్లతో చేసినవి. కాంక్రీటు స్లీపర్లు వచ్చి చెక్కవాటిని పీకేసినప్పుడు, రైల్వేలో పట్టాలు చూసుకునే ట్రాక్‌మన్ అసిరయ్య తన గ్యాంగు వేసిన దిమ్మల్నే వేలంలో పాడి తెచ్చుకున్నాడు. పెరట్లో పాములకు ఇల్లు కట్టావని నూకాలమ్మ ఏళ్ళ తరబడి సాధించింది. వాటిని చూసి కళ్ళు మెరిసిన మొదటి మనిషి ఉజ్వల. ముసలాయనకు కోడలు కోడలిలా కాక సొంత మనిషిలా అనిపించింది ఆ రోజే.

చిత్రిక పట్టించాక నీలకంఠం పాలిష్ కొడతానన్నాడు. ఉజ్వల వద్దంది. ఇంట్లోకి రసాయనాలు రానివ్వనంది. ఒట్టి అవిసె నూనె రాయించింది. ఆ మాట అందరికీ గొప్పగా చెప్పుకుంది కూడా. చెక్క లోపల అప్పటికే ఏం ఇంకి ఉందో ఆమె అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

ఈ వేసవిలో ఆడపడుచు పద్మశ్రీ తొలి కాన్పుకని పుట్టింటికి వచ్చింది. ఇంట్లో చల్లని గది ఇదే కాబట్టి ఇదే పురిటి గది అన్నారు. వచ్చిన కొన్నాళ్ళకే ఆమె చేతుల మీద ఎర్రని దద్దుర్లు, కళ్ళమంట, ఆగని పొడి దగ్గు. ఎండ వల్ల అన్నారు, కడుపుతో ఉంటే మామూలే అన్నారు. ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఊపిరి ఎగదీసింది. ఆసుపత్రిలోనే ఉంచేశారు. ఇన్నాళ్ళకు నిమ్మళించి, ఈ మధ్యాహ్నం తల్లినీ బిడ్డనూ ఇంటికి పంపుతున్నారు. ఉజ్వల భర్త హరికిరణ్ తీసుకురావడానికి వెళ్ళాడు.

ఆ పిల్ల ఈ గదిలోకి వచ్చేలోగా ఈ కలప బయటికి పోవాలి. అసిరయ్య లేవడం లేదు.

ఫోను మోగింది. ఉజ్వల వరండాలోకి వచ్చి, నీలకంఠానికి వినబడకుండా గోడ పక్కకు జరిగింది.

"హో గయా?" అన్నాడు హరికిరణ్. వెనకాల ఆసుపత్రి రద్దీ వినిపిస్తోంది.

"ఎక్కడ? ఆయన మంచం దిగడం లేదు."

"అరే యార్. వీళ్ళు కాగితాలు ఇచ్చేశారు. ఆటో పిలుస్తున్నా."

"కాసేపు ఆపలేవా?"

"పద్దు నిలబడలేకపోతోంది. ఎక్కడ కూర్చోబెట్టను, మెట్ల మీదా?"

మొగుడూ పెళ్ళాల మధ్య ఈ వారమంతా ఇదే వరస.

"నేను ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను హరీ," అంది ఉజ్వల. "ఆ నల్లనూనె మంచిది కాదని, స్లీపర్లు కుళ్ళకుండా దాన్ని లోపలికంటా పట్టిస్తారని, ఎండకి అది మళ్ళీ బయటికొత్తాదని. మా కాలేజీ మేడమ్ చెప్పింది, ఇంట్లో అసలు పెట్టకూడదంట. చిత్రిక పట్టి మనమే దాని నోరు తెరిచామంట."

"మత్ బోల్నా, చెప్పకు. నీకు దణ్ణం పెడతా."

"మరెలాగ?"

"వాసన అను. డాక్టర్ అను. విషం అన్న మాట మాత్రం అనకు. అమ్మ ఉండగా అసలు అనకు. నిన్న చెప్పాను కదా నీకు."

చెప్పాడు. పెళ్ళయి నాలుగేళ్ళయినా చెప్పని సంగతి నిన్న చెప్పాడు. హరికిరణ్ కన్నా ముందు వాళ్ళ అమ్మానాన్నలకు ఒక పిల్లవాడు పుట్టాడు. పైడిబాబు అని పేరు పెట్టుకున్నారు. రైల్వే క్వార్టర్లో నేల చెమ్మగా ఉందని, తల్లీ బిడ్డా పడుకోవడానికి అసిరయ్య స్లీపరు చెక్కలతో ఒక బల్ల కొట్టాడు. ఆ పిల్లవాడు బోర్లా పడటం కూడా నేర్చుకోకుండానే, ఓ వేసవిలో ఊపిరాడక పోయాడు. నెమ్ము చేసిందన్నారు. ఆ పేరు ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

"చెప్పకపోతే రేపు ఈ పిల్లకేమైనా అయితే?" అంది ఉజ్వల.

"చెబితే ఆ పిల్లవాడు ఇవాళ మళ్ళీ పోతాడు," అన్నాడు హరికిరణ్. "నాన్న తట్టుకోలేరు. ప్లీజ్."

ఫోను పెట్టేశాడు. ఉజ్వలకు ఏడుపు రాలేదు. ఎక్కడో ఒక చాప పరుచుకుని పడుకుంటే చాలనిపించింది. అంత అలసట.

లోపలికి వచ్చేసరికి నూకాలమ్మ గది గుమ్మం దగ్గర నిలబడి ఉంది. చేతిలో ఇత్తడి పళ్ళెం, అందులో పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్ళు. బిడ్డ గడప తొక్కే ముందు దిష్టి తీయాలి. బిడ్డను అందుకోవలసింది అమ్మమ్మే.

"ఇంకా నేవలేదా?" అంది మొగుడితో. "ఆ అమ్మి పొద్దుట్నించి అడుగుతంది. ఏటి నీ పంతం?"

"పంతం నాదా?" అన్నాడు అసిరయ్య. "ఇదే మంచం మీద కూకుని ఎంతమంది ఫోటోలు తీసుకున్నారు? మావయ్యా, మీ చెక్క లాటి చెక్క ఊరంతా ఎతికినా దొరకదన్నది ఎవరు? ఇయ్యాలకి కంపు కొట్టిందేటి? నచ్చకపోతే నచ్చలేదని సెప్పమను. ఒప్పుకుంతాను."

"నచ్చకపోవడం కాదు, మావయ్యా..."

"ఆ మాంగో పేటలో ఎవరింటికో ఇనప మంచాలు పెట్టించినావు కదా. అలాటిది కావాలేమో. సెప్పు."

"అయ్యో, కాదండీ."

"నా సేతులతో కొట్టిన మేకులమ్మా ఇయి. సూడు." దుప్పటి తొలగించి మంచం పట్టె మీద చెయ్యి పెట్టాడు. పట్టాను బిగించిన మేకుల బెజ్జాలు అక్కడ వరుసగా ఉన్నాయి. పూడ్చవద్దని, అవే అందమని ఉజ్వలే ఉంచేసింది. "దీని మీంచి ఎన్ని బళ్ళెల్లినాయో నీకేటి తెలుసు? ఎండకి కాగి, వానకి నాని, బరువుకి ఒంగకుండా ఉంది. నా మనవరాల్ని మొయ్యలేదేటి?"

ఆయన అన్నదాంట్లో ఒక్క మాటా తప్పు కాదు. చెక్క గట్టిదే, మనిషీ మంచివాడే.

"పోనీ అత్తమ్మా," అంది దారి మార్చి, "వదినని మా గదిలో పడుకోబెడదాం. మేం హాల్లో సర్దుకుంటాం."

"రేకుల గదిలోనా? ఈ ఎండలోనా?" అంది నూకాలమ్మ. "పచ్చి బాలింతరాలు మాడిపోదేటి? దానికన్నా ఆ మంచం ఒక్కటీ తీసేత్తే పోద్ది."

మంచం ఒక్కటీ తీసేస్తే పోదు. అరలున్నాయి, బల్ల ఉంది. అది కూడా చెప్పడానికి ఉజ్వల నోరు తెరిచేసరికి, అసిరయ్య మంచం మీద నుంచి లేచాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. వరండాలో నీలకంఠం పానా చేతిలోకి తీసుకున్నాడు.

ముసలాయన బయటికి పోలేదు. గది మూలకు వెళ్ళి, అక్కడ పాత చీర కప్పి ఉన్న ఒకదాన్ని పట్టుకుని ముందుకు లాగాడు. చీర తీశాడు.

ఉయ్యాల తొట్టి. చిన్న చిన్న పలకలు కోసి, అంచులు గుండ్రంగా అరగదీసి, నాలుగు మూలలా కొక్కేలు బిగించి ఉంది. ఒక పక్క పలక మీద ఏదో చెక్కడానికి ప్రయత్నించి, రాక వదిలేసిన గీతలున్నాయి. చిలకేమో.

"మిగిలిన ముక్కలతో సేసినాను," అన్నాడు. ఆ క్షణంలో గొంతులో కోపం లేదు, సిగ్గుంది. "నీలకంఠం దుకానంలో కూకుని. పద్దుకి తెలీదు. వచ్చినాక సూపిద్దామని."

వరండాలోంచి నీలకంఠం, "నేను సాయం పడతానంటే ఒద్దన్నారమ్మా. ఒక్కరే సేసుకున్నారు," అన్నాడు.

ఉజ్వల ముందుకు వంగి తొట్టి లోపలి అంచు మీద చెయ్యి వేసింది. కిటికీ పక్కన ఎండ తగిలిన మూల అది. చెయ్యి తీసేసరికి వేళ్ళకు నల్లగా జిడ్డు అంటుకుంది. తాజాగా కోసిన పలకల సందుల్లో చిన్న చిన్న నల్లని బొట్లు చెమటలా పట్టి ఉన్నాయి. బిడ్డ తల ఆనే చోట.

హరికిరణ్ చెప్పిన జాగ్రత్తలన్నీ ఆ జిడ్డుతో ఎగిరిపోయాయి.

"దీన్లో పడుకోబెట్టకూడదు, మావయ్యా," అంది. "ఇది విషం."

వరండాలో నీలకంఠం పానా కింద పెట్టేశాడు.

"ఏటన్నావు?" అన్నాడు అసిరయ్య.

ఇక వెనక్కి తీసుకునే మాట కాదది. ఉజ్వల తల దించుకునే చెప్పింది. స్లీపర్లకు పట్టించే నల్లనూనె సంగతి, చిత్రిక పట్టాక అది ఎండకు ఉబికి రావడం సంగతి, ఆ గాలి పీలిస్తే పెద్దవాళ్ళకే దద్దుర్లూ దగ్గూ వస్తాయన్న సంగతి, పసిపిల్లలకు అస్సలు పనికిరాదన్న సంగతి. "తప్పు మీది కాదు. నాదే," అంది చివర్న. "చెక్క మీరిచ్చారు గానీ, ఇంట్లోకి తెచ్చింది నేను. వదిన ఒంటికి ఆ దద్దుర్లు నావల్లే వచ్చాయి. ఇది కనుక్కోవడం నా పని, నేను కనుక్కోలేదు."

అసిరయ్య ఆమెను చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వాడు. నవ్వులో ఏ సంతోషమూ లేదు.

"నలబై ఏళ్ళు ఈ నూనె సేతులతోనే అన్నం తిన్నానమ్మా. మా గ్యాంగంతా తిన్నారు. బట్టలకిదే, గోళ్ళలో ఇదే. ఎవడు సచ్చినాడు?"

"ఒళ్ళు మండేది కదయ్యా నీకు, ఎండాకాలం," అంది నూకాలమ్మ. "కొబ్బరినూనె రాసీదాన్ని."

"ఎండకి మండీది. నూనెకేటి?" అని విసురుగా అన్నాడు. "కుర్రోళ్ళు ఫోన్లో ఏదో సదివేసి వచ్చి మనకి సెప్తారు. ఇను, ఉజ్వలా. నీ మొగుడు పుట్టింది స్లీపరు బల్ల మీద. నీ ఆడబిడ్డ పుట్టింది దాని మీదే. నా పిల్లలిద్దరూ ఆ బల్ల మీదే పడుకుని పెరిగినారు. రాళ్ళలాగున్నారు. ఇద్దరికీ ఏటయ్యింది?"

"ముగ్గురు," అంది నూకాలమ్మ.

గట్టిగా అనలేదు. లెక్క సరిదిద్దినట్టు అంది. చేతిలో పళ్ళెం చేతిలోనే ఉంది.

అసిరయ్య మొహం మారిపోయింది. ఉజ్వల కళ్ళెత్తి అత్తగారి వైపు చూసే ధైర్యం చేయలేకపోయింది. తన మాట ఎక్కడికి పోకూడదో అక్కడికే పోయింది. మొగుడు దణ్ణం పెట్టి మరీ చెప్పాడు. ఆమె ఆపుకోలేకపోయింది.

"మరి పైడిబాబు?" అంది నూకాలమ్మ. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ ఇంట్లో వినిపించిన పేరది. "ఆడూ ఆ బల్ల మీదే కదా పడుకున్నాడు."

"ఆడికి నెమ్ము సేసింది," అన్నాడు అసిరయ్య. "డాక్టరు సెప్పినాడు. ఊరుకో."

"రోహిణీ ఎండల్లో నెమ్మేటని అప్పుడే అడిగినాను నిన్ను. నువ్వు ఊరుకోమన్నావు."

"ఇప్పుడూ ఊరుకోమంతన్నాను."

నూకాలమ్మ ఊరుకోలేదు. కోడలి వైపు తిరిగింది. "సెప్పవే ఉజ్వలా. సదుంకున్నదానివి. అదేనా?"

కాదని అనేస్తే సరిపోతుంది. ఒక్క ముక్క. రెండు ప్రాణాలు కుదుటపడతాయి. కాదని ఎలా తెలుసని ఎవరూ నిలదీయరు. ఉజ్వల ఆ మాట నాలుక చివరిదాకా తెచ్చుకుంది. ఎదురుగా తొట్టి ఉంది, చేతికి జిడ్డుంది. ఇప్పుడు కాదంటే, ఈ తొట్టికీ కాదన్నట్టే.

"తెలీదత్తమ్మా," అంది. "ఇన్నేళ్ళ తర్వాత ఎవరూ చెప్పలేరు. నెమ్మే అయ్యుండొచ్చు. పుట్టుకతోనే ఏదైనా ఉండుండొచ్చు. హరి, వదిన బాగానే ఉన్నారు కదా."

"కాదని సెప్పలేవు."

ఉజ్వల జిడ్డంటిన వేళ్ళు వెనక్కి దాచుకుంది.

"ఆళ్ళిద్దరూ వానాకాలం పుట్టినారు," అంది నూకాలమ్మ. తనలో తను చెప్పుకుంటున్నట్టుంది. "కిటికీలు తీసి ఉండీవి. బాబుకి వడగాడ్పని నానే మూసేసినాను, కిటికీలన్నీ. గోనెలు కట్టి మూసేసినాను."

"నూకాలూ," అన్నాడు అసిరయ్య. పెళ్ళాన్ని అలా పేరు పెట్టి పిలవడం ఉజ్వల ఎప్పుడూ వినలేదు.

"నీకు తెలీదయ్యా. నువ్వు డ్యూటీలో ఉన్నావు ఆ దినం. రైల్వే ఆసుపత్రిలో ఆ బెంగాలీ డాక్టరు అడిగినాడు నన్ను. అమ్మా, ఇంట్లో ఏటైనా వాసనుందా, పొగుందా, రంగులేసినారా అని. హిందీలో అడిగితే పక్కనున్నావిడ తెలుగులో సెప్పింది. ఇప్పుడు పద్దుని ఈ డాక్టరమ్మ అడిగిందే, అదే మాట. నానేటన్నానో తెల్సా? నేదండీ, మాయింట్లో ఏ వాసనా నేదు అన్నాను. ఉన్నట్టు తెలిత్తే కదా సెప్పడానికి. నీ బట్టలూ అదే, ఇల్లంతా అదే. గట్టిగా సెప్పినాను కూడాను, మా ఇల్లు సుబ్బరంగా ఉంతాదండీ అని."

అసిరయ్య మంచం పట్టె మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. కూర్చోలేదు. ఇందాకటి నుంచి దిగనని మొండికేసిన మంచం మీద ఇప్పుడు కూర్చోమన్నా కూర్చునేలా లేడు.

"నానడగలేదు నిన్ను," అన్నాడు. "బల్ల కొట్టింది నాను. నువ్వు కిటికీ మూసేవంతే. కిటికీ ఎవులైనా మూత్తారు."

అసిరయ్య వరండాలోకి నడిచాడు. నీలకంఠం లేచి నిలబడ్డాడు. ముసలాయన అతని వైపు చూడకుండా గునపం తీసుకుని లోపలికి వచ్చాడు. మంచానికి కాదు, ముందు తొట్టికి పెట్టాడు. పలకల సందులో గునపం మొన దూర్చి ఒక్క తోపు తోశాడు. కొత్త మేకులు కీచుమన్నాయి. చిలకను చెక్కబోయిన పలక మధ్యకు చీలింది.

"మావయ్యా, మీరు ఒగ్గేయండి. మేస్త్రీగారు తీస్తారు," అంది ఉజ్వల. ఏడుస్తోందని ఆమెకు అప్పుడే తెలిసింది.

"నా పని నన్ను సెయ్యనీ అమ్మా."

నీలకంఠం కూడా వచ్చి రెండో వైపు కూర్చున్నాడు. తొట్టి అయిపోయింది. మంచం బోల్టులు విప్పుతుంటే ముసలాయన పానా వదలలేదు. తల వైపు పట్టెను గునపంతో ఎత్తితే అతుకు దగ్గర చెక్క పగిలింది. లోపల ఇంకా నల్లగా, తడిగా ఉంది, పట్టాల కింద నుంచి నిన్ననే తీసినట్టు.

ఉజ్వల విరిగిన పలకలు ఏరి పెరట్లోకి మోసింది. రెండోసారి మోస్తుండగా గేటు దగ్గర ఆటో ఆగింది. హరికిరణ్ గొంతు వినిపించింది, డ్రైవరుకు హిందీలో ఏదో చెబుతున్నాడు.

"అత్తమ్మా, వచ్చేశారు," అంది.

నూకాలమ్మ ఎదురెళ్ళలేదు. పళ్ళెం తీసుకెళ్ళి వరండా గట్టు మీద పెట్టింది. రెండు చేతులూ చీర కొంగుతో తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది.

"నువ్వెల్లి ఎత్తుకోవే," అంది.

"నేనా? అమ్మమ్మ ఎత్తుకోవాలి కదా."

"నాను ఎత్తుకోను."

"అలా అనకండి, అత్తమ్మా. వదినకి ఏం చెప్తాం?"

"ఏటైనా సెప్పు. నాను ఎత్తుకోను."

ఉజ్వల తన చేతులు చూసుకుంది. మోచేతుల దాకా నల్లని మరకలు. ఈ చేతులతో పిల్లను అందుకోకూడదు. కడుక్కుందామని పంపు వైపు పరిగెత్తబోయింది, అంతలోనే గేటు గడియ తీసిన చప్పుడైంది.

పద్మశ్రీ ఆటో దిగి, ఒక చేత్తో గేటు పట్టుకుని నిలబడింది. రెండో చేతిలో తెల్లని తువాలు చుట్టిన పిల్ల. ఎండలో కళ్ళు చికిలించి, నవ్వబోతూ ఇంటివైపు చూసింది. దిష్టి నీళ్ళు పట్టుకుని ఎవరూ ఎదురురాలేదు. లోపలి నుంచి చెక్క పగులుతున్న చప్పుడు వస్తోంది.

ఆమె రెండడుగులు వేసి ఆగిపోయింది. ముక్కు మీద తువాలు అంచు అడ్డం పెట్టుకుంది. తర్వాత అదే అంచు పిల్ల మొహం మీదికి లాగింది. ఇన్నాళ్ళు ఆసుపత్రి గాలి పీల్చి వచ్చిన మనిషి.

"అమ్మా," అంది, "ఏటే ఈ వాసన? మనింట్లోంచేనా?"